కొండ మీద సపసప

కారు దిగగానే కాళ్ళకు బురద తగులుతుంది. వెంటనే చలి. ఆగస్టు మొదటి వారమే అయినా ఇక్కడ పొద్దు వాలాక ఒంటి మీద స్వెట్టర్ లేకపోతే కష్టం. వెస్ట్ వర్జీనియా రాష్ట్రం, ఫయెట్ కౌంటీ, క్లిఫ్‌టాప్ అనే కొండ ఊరు. న్యూ రివర్ కోసుకుంటూ పోయిన లోతైన లోయ ఇక్కడికి దగ్గరే. మలుపుల దారిలో పట్టిన తల తిరుగుడు ఇంకా తగ్గనే లేదు, చెవులు అప్పుడే పని మొదలుపెట్టాయి. ఎడమ పక్క ఒక ఫిడేలు. కుడి పక్క రెండు. ఎదురుగా చీకట్లో, చెట్ల వెనక ఇంకెన్నో.

నాలుగడుగులు వేయండి. ఒక పాట మెట్టు సన్నగిల్లి ఇంకోటి లేస్తుంది. రెండింటికీ సరిగ్గా మధ్యన నిలబడితే రెండూ కలిసి గజిబిజి. ఇంకొంచెం ముందుకు జరిగితే ఆ గజిబిజి విడిపోయి కొత్త మెట్టు ఒక్కటే మిగులుతుంది. మైదానం నిండా, చెట్ల కింద, గుడారాల మధ్య తాళ్ళు లాగి కట్టిన టార్పాలిన్లు. ప్రతి టార్పాలిన్ కింద ఒక లాంతరు, మడత కుర్చీలు, గుండ్రంగా కూర్చున్న మనుషులు. 1990 నుంచి ఈ కొండ మీద జరుగుతున్న ఉత్సవం ఇది. పూర్తి పేరు అప్పలేచియన్ స్ట్రింగ్ బ్యాండ్ మ్యూజిక్ ఫెస్టివల్. ఆ పేరు పోస్టర్ల మీదే ఉంటుంది. మనుషులంతా క్లిఫ్‌టాప్ అనేస్తారు. వర్జీనియాలోనో నార్త్ కరోలినాలోనో ఉండే మన తెలుగు కుటుంబాలకు కారులో పూట ప్రయాణం.

పగలు ఇక్కడ వేదిక ఉంటుంది, పోటీలుంటాయి, ఫిడేలుకు వేరుగా, బాంజోకు వేరుగా, మేళాలకు వేరుగా బహుమతులుంటాయి. వాటి గురించి ఎక్కువ చెప్పను. చాలామంది పోటీల కోసం రారు. ఈ టార్పాలిన్ల కోసం వస్తారు.

నీలం టార్పాలిన్ దగ్గర ఆగండి. ఆరుగురున్నారు. ఇద్దరి చేతుల్లో ఫిడేళ్ళు. ఒకరు డెబ్భై దాటిన పెద్దాయన, టోపీ కనుబొమల దాకా లాక్కున్నాడు. రెండో ఆవిడకు నలభై ఉండొచ్చు, మెడకు ఎర్ర స్కార్ఫు. ఆవిడ చిన్నప్పటినుంచీ ఐరిష్ మెట్లు వాయించిన మనిషి. ఆయన పుట్టి పెరిగిందంతా ఈ కొండల్లోనే. ఈ మేళం ప్రత్యేకత అదే: రెండు ఏర్లూ ఒకే టార్పాలిన్ కింద పారతాయి. బాంజో పట్టుకున్న అమ్మాయికి పాతికేళ్ళుంటాయి. గిటారు ఒకాయన, నిలువెత్తు బేస్ వాయించే ఇంకొకావిడ. ఆరో కుర్రాడి ఒళ్ళో చెక్క ఫ్లూటు పడుకుని ఉంది. దాని వంతు ఇంకా రాలేదు.

మీరు వచ్చినట్టు ఎవరూ పలకరించలేదని చిన్నబుచ్చుకోకండి. వాళ్ళ వీపులు మీ వైపున్నాయి, మొహాలు ఒకరి వైపు ఒకరు. నాట్లు వేసే ఆడవాళ్ళు పాడుకునే పాట గట్టు మీద నిలబడ్డవాడి కోసం కాదు, పక్కనున్న మనిషి చెయ్యి కలవడం కోసం. ఇదీ ఆ కోవదే. పెద్దాయనకు కాస్త వెనక ఖాళీ కుర్చీ ఒకటి కనిపిస్తోంది కదా, అందులో కూర్చోండి. మొదటి వరస వాయించేవాళ్ళది. రెండో వరసలో ఎవరైనా కూర్చోవచ్చు. ఇది ఎక్కడా రాసి ఉండదు, అందరూ పాటిస్తారు.

ఇప్పుడు ఆయన ఫిడేలును దగ్గరగా చూడండి. గుర్రానికీ మెడకూ మధ్య తీగల కింద తెల్లగా పేరుకున్నది రోజిన్ పొడి. కమాను వెంట్రుకలకు రాసిన రోజిన్ ఏళ్ళ తరబడి రాలి అక్కడ గట్టిపడింది. ఆయన తుడవడు. ఈ కొండల్లో చాలామంది తుడవరు. ఫిడేలును ఆయన ఒక పక్కకు వంచినప్పుడు లోపల ఏదో గలగలమంటుంది. తాచులా కాటేసే రాటిల్‌స్నేక్ తోక చివరి గిలకలు అవి. పెట్టెలోపల వేసి ఉంచడం ఇక్కడ పాత అలవాటు. చెమ్మ చేరదని కొందరంటారు, సాలెపురుగులు పట్టవని కొందరు, నాదం బాగుంటుందని ఇంకొందరు. ఫిడేలును ఆయన గడ్డం కింద నొక్కలేదు, ఛాతీకి ఆనించుకున్నాడు. కమానును కూడా కొసన కాకుండా నాలుగు వేళ్ళు పైకి జరిపి పట్టుకున్నాడు. కచేరీ హాల్లో గురువు చూస్తే ముందు ఈ రెండూ సరిదిద్దుతాడు. ఆయన వాయించబోయేదానికి మాత్రం ఇదే సరైన పట్టు.

బిరడాలు తిప్పుతున్నాడు. చెవి పెట్టండి. మామూలుగా ఫిడేలు నాలుగు తీగల్నీ కింది నుంచి జి, డి, ఏ, ఇ అని కడతారు. ఆయన కింది రెండింటినీ పైకి లాగుతున్నాడు. జి ఏ అయింది, డి ఇ అయింది. ఇప్పుడు వరసగా ఏ, ఇ, ఏ, ఇ. కమాను నాలుగు తీగల మీదుగా ఒక్కసారి నెమ్మదిగా దొర్లింది.

స, ప, స, ప.

సంగీతం కాస్త తెలిసిన తెలుగు చెవికి ఇక్కడ ఒళ్ళు ఝల్లుమంటుంది. మన ఫిడేలు శ్రుతి ఇదే! విజయనగరం మహారాజా సంగీత కళాశాలలో ద్వారం వెంకటస్వామినాయుడు గారు నేల మీద కూర్చుని, ఫిడేలు తలను పాదం మీద ఆనించి, కళ్ళు మూసుకుని వాయించింది ఈ సపసపల మీదే. పందొమ్మిదో శతాబ్దం తొలి రోజుల్లో మద్రాసులో యూరోపియన్ల దగ్గర ఫిడేలు నేర్చి దాన్ని మన సంగీతంలోకి తెచ్చిన బాలుస్వామి దీక్షితులు, ఆయన అన్న ముత్తుస్వామి దీక్షితుల పేర్లు మనకు తెలిసినవే. అక్కడి ఇంగ్లీషు బ్యాండ్లు వాయించిన మెట్లకే అన్నగారు సంస్కృత సాహిత్యం కట్టి నొట్టుస్వరాలు చేశారు. అవే బ్రిటిష్ దీవుల మెట్లు అట్లాంటిక్ దాటి ఈ కొండలకూ వచ్చాయి. అక్కడ ఫిడేలు సపసప అయింది, ఇక్కడా అయింది. కారణం మాత్రం ఒకటే అని నాకనిపిస్తుంది: రెండు చోట్లా వాయించేవాడికి స్వరం కింద ఆధారశ్రుతి ఆగకుండా మోగాలి. మనకు తంబూరా ఉన్నా ఫిడేలు తీగలూ తోడు పలకాలి. ఈయనకు తంబూరా లేదు కాబట్టి పక్క తీగే తంబూరా.

"ఏ లో ఉన్నాం," అన్నాడు పెద్దాయన. అంతే, అదే ప్రకటన. బాంజో అమ్మాయి తల ఊపింది. ఆమె కూడా తీగలన్నీ అందుకు తగ్గట్టు కట్టుకుని కూర్చుంది. ఇక గంటసేపు, ఒక్కోసారి రెండు గంటలు, ఈ టార్పాలిన్ కింద ఏ తప్ప ఇంకో శ్రుతి వినపడదు. బాంజో శ్రుతి మార్చడం అంటే తీగలు మళ్ళీ సర్దుకోవాలి. అందుకే ఎవరైనా మధ్యలో వచ్చి డి లో మెట్టు అడిగితే అందరూ మర్యాదగా నవ్వుతారు, వాయించరు.

మెట్టు పేరు జూన్ యాపిల్. పెద్దాయన పాదం రెండుసార్లు నేలకు తగిలింది, మూడోసారికి కమాను దిగింది.

మొదటి ఆవృతం మీకు ఏమీ అర్థం కాదు. ఫరవాలేదు. ఇలా వినండి: ఎత్తున ఎనిమిది బార్ల భాగం ఒకటి, అది రెండుసార్లు. దిగువన ఇంకో ఎనిమిది, అదీ రెండుసార్లు. అంతే, మెట్టు అయిపోయింది. అంతా కలిపి అరనిమిషానికి కాస్త పైన. మళ్ళీ మొదటికి. మళ్ళీ. మళ్ళీ. మూడో ఆవృతానికి మీ చెవి దారి పట్టుకుంటుంది. నిషాదం కిందికి దిగి ఉంది, అంటే మన లెక్కలో హరికాంభోజి స్వరాలు. గాంధారం మాత్రం ఇబ్బంది పెడుతుంది. సాధారణం కాదు, అంతరం కాదు, మధ్యలో ఎక్కడో పడుతోంది. పియానో మీటల మీద అది దొరకదు. పెద్దాయన వేలు తప్పలేదు, ప్రతిసారీ అక్కడికే వెళ్తోంది.

ఏడో ఆవృతం. బాంజో అమ్మాయి కుడిచేతిని చూడండి. ఆమె తీగను పైకి మీటడం లేదు. చూపుడువేలి గోరు వెనక భాగంతో కిందికి కొడుతోంది, వెంటనే బొటనవేలు పొట్టి ఐదో తీగను తాకి వదులుతోంది. ఆ ఐదో తీగ మెడ మధ్యలోంచి మొదలవుతుంది, దాన్ని ఎడమచేయి దాదాపు తాకదు. మెట్టు ఎటు పోయినా ఆ ఒక్క స్వరం టింగు టింగుమని పైన మోగుతూనే ఉంటుంది. ఫిడేలుతో బాంజో కలిసింది అంటే అట్లాంటిక్ రెండు పక్కలా కలిసినట్టు. ఫిడేలు యూరప్ నుంచి వచ్చింది. బాంజో ఆఫ్రికా నుంచి, సొరకాయ బుర్రకు తోలు బిగించిన వాద్యాల జ్ఞాపకాన్ని తమ చేతుల్లో మోసుకొచ్చిన బానిసల దగ్గరనుంచి వచ్చింది. పశ్చిమాఫ్రికాలో జోలా ప్రజల అకోంటింగ్‌కు ఇలాంటి పొట్టి తీగే ఉంటుంది, దాన్నీ ఇలాగే గోటితో కిందికి కొడతారు. తెల్లవాళ్ళ కొండ సంగీతం అని దీన్ని పిలిచేవాళ్ళకు ఈ బొటనవేలిని చూపించాలి.

పదమూడో ఆవృతం అయ్యుండొచ్చు, లెక్క తప్పిపోయింది. ఇక్కడే ఏదో జరుగుతుంది. గిటారు మంద్రపు తీగను కొట్టడం, పై తీగలను రాయడం, ఇవి రెండూ బేస్‌తో అతుక్కుపోయాయి. ఎర్ర స్కార్ఫు ఆవిడ పై స్థాయి వదిలేసి కింది స్థాయిలో అదే మెట్టును నీడలా నడిపిస్తోంది. ఎవరూ ఎవరినీ మించాలని చూడటం లేదు. బ్లూగ్రాస్ అనే ఇంకో రకం సంగీతంలోలా ఒక్కొక్కరు ముందుకొచ్చి తమ నేర్పు చూపించి వెనక్కి తగ్గడం ఈ సంగీతంలో లేదు. అందరూ ఒకేసారి, మొదటినుంచి చివరిదాకా. ఇరవై సార్లు తిరిగేది మెట్టు తెలియకపోవడం వల్ల కాదు. ఐదుగురి ఊపిరీ ఒక లెక్కకు రావడానికి అంత సేపు పడుతుంది. ఆ లెక్కకు వచ్చాక విడిచిపెట్టడానికి మనసొప్పదు.

పెద్దాయన కుడి కాలు మోకాలు దాకా పైకి లేచింది. చూశారా? ఆఖరి ఆవృతం అని గుర్తు. ఎవరూ తలెత్తలేదు, అందరూ చూశారు. ఐదుగురి చేతులూ ఒకే స్వరం మీద ఆగాయి.

చప్పట్లు ఎవరూ కొట్టరు. మీరూ కొట్టనక్కర్లేదు.

ఇప్పుడు మాటలు. "ఇది టామీ దగ్గరనుంచి వచ్చింది," అన్నాడు పెద్దాయన, బిరడా సరిచేస్తూ. పూర్తి పేరు అక్కర్లేదు ఇక్కడ. టామీ జారెల్, 1901లో పుట్టి 1985లో పోయాడు. ఇక్కడికి దక్షిణంగా నార్త్ కరోలినాలో మౌంట్ ఎయిరీ పక్కన టోస్ట్ అనే పల్లె ఆయనది. బతుకంతా రాష్ట్ర రహదారుల శాఖలో రోడ్లు చదును చేసే గ్రేడరు బండి నడిపాడు. రిటైరయ్యాక దేశం నలుమూలలనుంచీ కుర్రాళ్ళు ఆయన గుమ్మం ముందు దిగడం మొదలుపెట్టారు. అన్నం పెట్టేవాడు, పడుకోవడానికి చోటిచ్చేవాడు, తెల్లవార్లూ వాయించేవాడు. 1982లో అమెరికా ప్రభుత్వం సంప్రదాయ కళాకారులకు నేషనల్ హెరిటేజ్ ఫెలోషిప్‌లు మొదలుపెట్టినప్పుడు తొలి జాబితాలోనే ఆయన పేరుంది. ఇప్పుడు మీరు విన్న జూన్ యాపిల్‌లో కమాను విసురు ఆ ఇంటి అరుగు మీదిది.

ఇక్కడ మెట్టుకు ఇంటిపేరులా ఒక మనిషి ఉంటాడు. ఎవరి దగ్గర నేర్చుకున్నావో చెప్పకుండా వాయిస్తే అది సగమే. ఓవర్ ది వాటర్‌ఫాల్ అనే మెట్టు ఈ మైదానంలో ఈ రాత్రి ఎక్కడో ఒక చోట తప్పక మోగుతుంది. దాన్ని వర్జీనియా సరిహద్దులో గ్లెన్ లిన్ అనే ఊళ్ళో హెన్రీ రీడ్ (1884-1968) వాయించేవాడు. 1966, 67 సంవత్సరాల్లో ఆలన్ జబ్బూర్ అనే పరిశోధక విద్యార్థి టేపు రికార్డరు పట్టుకుని ఆయన ఇంటికి పోయాడు. అప్పటికి రీడ్‌కు ఎనభై దాటాయి. రీడ్‌కు చిన్నతనంలో మెట్లు నేర్పిన క్విన్సీ డిలియన్ అనే ముసలాయన మెక్సికో యుద్ధంలో ఫైఫ్ అనే చిన్న వేణువు వాయించిన సైనికుడు. అంటే ముగ్గురు మనుషులు చేతులు కలిపితే పందొమ్మిదో శతాబ్దం మొదటి సగం దొరికేస్తుంది. జబ్బూర్ ఆ మెట్లను తన స్నేహితుల మేళంలో వాయించాడు, ఆ తర్వాత లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో అమెరికన్ ఫోక్‌లైఫ్ సెంటర్‌కు మొదటి డైరెక్టరయ్యాడు. రీడ్ రికార్డింగులు ఇప్పుడు ఎవరైనా వినవచ్చు. అయినా ఇక్కడి కుర్రాళ్ళు ఫిడేలు పక్కన కూర్చునే నేర్చుకోవాలనుకుంటారు. టేపులో కమాను కనపడదు కదా.

వాన మొదలైంది. క్లిఫ్‌టాప్‌లో వాన పడని సంవత్సరం అంటే ఎవరూ నమ్మరు. బేస్ ఆవిడ లేచి కర్రతో టార్పాలిన్ పొట్టను ఎగదోసింది. చేరిన నీళ్ళు భళ్ళున పక్కకు పడ్డాయి. మీ కుర్చీ రెండడుగులు లోపలికి జరుపుకోండి. వలయం ఇంకా చిన్నదైంది. ఫ్లూటు కుర్రాడు ఫ్లూటును ఒళ్ళోంచి తీసి, సంచిలోంచి గుండ్రటి చర్మవాద్యం కూడా బయటికి లాగి పక్కన పెట్టుకున్నాడు. అది బోద్రాన్. ఎర్ర స్కార్ఫు ఆవిడ వంతు వచ్చినట్టే.

ఆవిడ కమాను పట్టు వేరు, కూర్చున్న తీరు వేరు. మొదట ఒక జిగ్. తకిట తకిట, తకిట తకిట. తిస్ర గతి. విన్న మూడు క్షణాల్లో మీ మడమ ఒప్పుకుంటుంది. పెద్దాయన మాత్రం ఫిడేలు ఒళ్ళో పెట్టుకుని వింటున్నాడు. ఆయన వాయించడు. ఎందుకంటే ఈ కొండల్లోకి వచ్చిన మెట్లలో తిస్రం దాదాపు మిగల్లేదు. ఐర్లండ్ ఉత్తరాన ఉన్న ఉల్‌స్టర్‌నుంచి 1718 ప్రాంతంలో మొదలై అమెరికా విప్లవం దాకా ఓడల మీద ఫిలడెల్ఫియా రేవులో దిగి, బళ్ళ బాటన షెనండోవా లోయలోకి, అక్కడనుంచి ఈ కొండల్లోకి వచ్చినవాళ్ళు జిగ్‌లు తెచ్చుకోలేదా అంటే తెచ్చుకున్నారు. బాంజో వచ్చి పక్కన కూర్చున్నాక చతురస్రమే నిలిచింది, తిస్రం రాలిపోయింది. బాంజో కొట్టే ఆ గోటి లెక్కకు తకధిమి అమరినంత హాయిగా తకిట అమరదు. కారణాలు ఇంకా ఉండొచ్చు. నాకు మాత్రం ఈ అమ్మాయి కుడిచేయి చూసినప్పుడల్లా ఇదే ముఖ్యమనిపిస్తుంది.

జిగ్ మూడుసార్లు తిరిగి, ఊపిరి తీసుకోకుండానే ఇంకో జిగ్‌లోకి దూకింది. అక్కడనుంచి మూడోదాంట్లోకి. మారేముందు ఆవిడ కనుబొమ ఒకటి పైకెత్తింది, గిటారు ఆయన అందుకున్నాడు. ఇది ఐరిష్ పద్ధతి: రెండు మూడు మెట్లను దండగా గుచ్చి వాయించడం. పెద్దాయన ఒకే మెట్టును పావుగంట తవ్వుతాడు, ఆవిడ మూడు మెట్ల మీదుగా పరుగెత్తుతుంది. అలంకారాలు కూడా ఎదురెదురు చేతుల్లో ఉంటాయి. ఆవిడవి ఎడమచేతి వేళ్ళలో: స్వరం మీద పైవేలు తట్టి తీయడం, కింది స్వరాన్ని తాకి రావడం, ఒకే స్వరం చుట్టూ ఐదు స్వరాల మెలిక తిప్పి దాన్ని రోల్ అనడం. పెద్దాయనవి కుడిచేతిలో, కమాను తోపుల్లో. ఎడమచేయి ఆయనది నిదానంగా ఉంటుంది, కుడిచేయి నాట్యం చేస్తుంది.

ఆవిడ మెట్లు ఎక్కువగా ఐర్లండ్‌లోని స్లైగో వైపువి. ఆ ఊళ్ళ కమాను ప్రపంచమంతా వినపడటానికి కారణం మైకేల్ కోల్‌మన్ (1891-1945). స్లైగోలోని కిల్లావిల్ దగ్గర పుట్టి, 1914లో అమెరికా చేరి, 1920లలో న్యూయార్క్‌లో 78 ఆర్‌పీఎం రికార్డులిచ్చాడు. ఆ రికార్డులు మళ్ళీ ఓడలెక్కి ఐర్లండ్‌కు పోయాయి. కన్న ఊరి పిల్లలు గ్రామఫోను ముందు కూర్చుని న్యూయార్క్ ఫిడేలు నేర్చుకున్నారు. అంతకు ముందే చికాగోలో పోలీసు అధిపతిగా చేసిన ఫ్రాన్సిస్ ఓనీల్ తన చుట్టూ ఉన్న వలస ఐరిష్ వాళ్ళ దగ్గర మెట్లు పోగేసి 1903లో 1,850 మెట్లతో పుస్తకం అచ్చేశాడు. ఊరు వదిలిన వాళ్ళే ఊరి సంగీతాన్ని దాచిపెట్టడం ఎంత గట్టి ప్రేమో!

"నీకూ తెలిసింది వాయిస్తాను," అంది ఆవిడ పెద్దాయన వైపు తిరిగి. మిస్ మెక్‌లౌడ్స్ రీల్. స్కాట్లండ్ మెట్టు, 18వ శతాబ్దంలో నీల్ గో వంటి ఫిడేలు మహనీయులు మెరిసిన నేల అది. తకధిమి తకధిమి, నాలుగేసి అక్షరాల చతురస్రం. కుర్రాడు బోద్రాన్ పక్కన పెట్టాడు, ఫ్లూటు ఆవిడతో జతకట్టింది. చెక్క ఫ్లూటులో గాలి కాస్త గరుకుగా ఉంటుంది, ఆ గరుకే అందం. ఒక ఆవృతం, రెండు, మూడు.

నాలుగోదానికి పెద్దాయన కమాను దించాడు. మెట్టు అదే, ఎముకలు అవే. ఒంట్లో ప్రాణం వేరు! ఈ కొండల్లో దీన్ని హాప్ హై లేడీస్ అంటారు. ఆవిడ వేళ్ళ మెలికలన్నీ రాలిపోయాయి, వాటి చోట పక్క తీగ హోరు వచ్చి చేరింది. బాంజో అమ్మాయి ఇందాకటినుంచీ చేతులు కట్టుకుని ఉన్నది కాస్తా ముందుకు వంగింది. గోరు తీగ మీద పడింది. ఇందాక జిగ్‌లకు బోద్రాన్ చేసిన పని ఇప్పుడు బాంజో చేస్తోంది. ఫ్లూటు కుర్రాడు రెండు ఆవృతాలు తడబడి, మెలికలు మానేసి మెట్టు మెడ పట్టుకున్నాడు. ఎర్ర స్కార్ఫు ఆవిడ నవ్వుతూ కమాను పొట్టి తోపుల్లోకి మార్చింది. రెండున్నర శతాబ్దాలకు పైగా విడిపోయి పెరిగిన ఇద్దరు అన్నదమ్ముల పిల్లలు ఒకరి నడకలో ఒకరు నడుస్తున్నారు. ఏది అసలుది, ఏది మారినది అని అడగబుద్ధి వేయదు. ఎన్నిసార్లు తిరిగారో తెలియదు. ఈసారి కాలు ఎత్తింది ఆవిడ.

వాన తెరిపిచ్చింది. అందరూ పెట్టెల్లో వాద్యాలు సర్దుతున్నారు. రాత్రి నాట్యానికి వీళ్ళే వాయించాలి. వాళ్ళ వెనకే కొండ పైకి నడవండి, చేతిలో టార్చి ఉంచుకోండి. కనిపిస్తున్న ఆ పెద్ద దుంగల కట్టడం లాడ్జి. దుంగలన్నీ అమెరికన్ చెస్ట్‌నట్. చేత్తో తడిమి చూడండి, ఇలాంటి కట్టడం మళ్ళీ ఎవరూ కట్టలేరు. 1904లో న్యూయార్క్‌లో బయటపడ్డ బూజు తెగులు యాభై ఏళ్ళలో ఈ చెట్లను కోట్ల లెక్కన తుడిచిపెట్టేసింది.

ఈ చోటు పూర్తి పేరు క్యాంప్ వాషింగ్టన్-కార్వర్. బుకర్ టి. వాషింగ్టన్, జార్జ్ వాషింగ్టన్ కార్వర్ ఇద్దరి పేర్లూ కలిపి పెట్టారు. 1942లో తెరిచారు. తెల్లపిల్లల క్యాంపుల్లోకి నల్లపిల్లల్ని రానివ్వని కాలంలో నల్లజాతి పల్లె పిల్లల కోసం కట్టిన మొట్టమొదటి 4-హెచ్ (పల్లె పిల్లల సంఘం) క్యాంపు ఇది. వ్యవసాయం, వంట, ఆటలు, పాటలు ఇక్కడ నేర్పేవారు. ఈ చరిత్ర తెలియకుండా ఈ గడప దాటకూడదని నేను గట్టిగా అనుకుంటాను. ఫిడేలు, బాంజో కలిసి వాయించిన తొలి చేతుల్లో నల్లవాళ్ళ చేతులు ఎన్నో. 1920లలో రికార్డు కంపెనీలు తెల్లవాళ్ళ ఫిడేలును ఒక జాబితాలో, నల్లవాళ్ళ బ్లూస్‌ను ఇంకో జాబితాలో పెట్టి అమ్మేవి. నల్ల ఫిడేలుకారుడికి ఏ జాబితాలోనూ చోటు దొరకడం అరుదు. నార్త్ కరోలినాలో మెబన్ అనే ఊళ్ళో జో థాంప్సన్ (1918-2012) మాత్రం తండ్రి దగ్గర నేర్చిన ఫిడేలును ముసలితనంలోనూ వాయించాడు. 2005లో రియానన్ గిడెన్స్, డామ్ ఫ్లెమన్స్, జస్టిన్ రాబిన్సన్ అనే ముగ్గురు యువకళాకారులు ఆయన ఇంటికి వెళ్ళి పక్కన కూర్చుని నేర్చుకున్నారు. కరోలినా చాక్లెట్ డ్రాప్స్ అనే మేళం కట్టారు. వాళ్ళ 2010 ఆల్బంకు గ్రామీ వచ్చింది. థాంప్సన్ అది చూసే పోయాడు.

లోపలికి రండి. చెక్క నేల అప్పటికే దడదడలాడుతోంది. మధ్యలో నలుగురైదుగురు ఎవరికి వారే నిలబడి ఫ్లాట్‌ఫుట్ చేస్తున్నారు: నడుము పైన కదలిక లేదు, బూటు మడమ, మొన రెండూ నేల మీద తాళం వేస్తున్నాయి. మేళం మూలన కుర్చీలు వేసుకుంది. మైకు ముందు నిలబడ్డావిడ కాలర్. నాట్యంలో ఏ అడుగు ఎప్పుడో పాడుతున్నట్టు చెప్పడం ఆవిడ పని. ఇలా కేకేసి నడిపించే పద్ధతి నల్లజాతి ఫిడేలుకారుల దగ్గరే మొదలైందని ఫిల్ జేమిసన్ అనే పరిశోధకుడు 2015లో పుస్తకం రాసి వాదించాడు. ఆయన స్వయంగా కాలర్, వాయించేవాడు కూడా.

పక్కన నిలబడి చూద్దామనుకున్నారు కదా, కుదరదు. బూడిదరంగు జడ వేసుకున్న ఒకావిడ వచ్చి మీ చేయి పట్టేసుకుంది. అడుగులు రావని చెప్పారు. "అది కాలర్ చూసుకుంటుంది," అంది. నాలుగు జంటలు చదరంగా నిలబడ్డాయి. పెద్దాయన పాదం రెండుసార్లు తట్టింది. ఏ లోనే ఉన్నారు ఇంకా.

టార్పాలిన్ కింద అన్నిసార్లు ఎందుకు తిప్పారో ఇప్పుడు మీ కాళ్ళకు తెలుస్తుంది. ఎనిమిది బార్లు వలయంగా తిరగడానికి. ఎనిమిది బార్లు వెనక్కి. ఎత్తు భాగం మొదలవగానే ఎదుటి జంటతో చేతులు, దిగువ భాగం రాగానే మీ జోడీతో గిరగిరా. మెట్టు మలుపు ఎక్కడో చెవి చెబుతుంది, కాలర్ మాట వినపడకముందే ఒళ్ళు తిరిగిపోతుంది. ఎడమ చెయ్యి ఇవ్వాల్సిన చోట కుడి చెయ్యి ఇచ్చారు, ఎవరో మోచేయి పట్టి సరైన వైపు తిప్పారు, అప్పుడే మీరు మూడో జంటలో ఉన్నారు. మూల నుంచి ఆ సపసపల హోరు నేల చెక్కల్లోకి దిగి అరికాళ్ళలోంచి పైకి వస్తోంది. చెమట కారుతోంది. స్వెట్టర్ ఎప్పుడు తీసి ఎక్కడ పారేశారో మీకే గుర్తులేదు.

ఆగింది. అందరూ రొప్పుతూ నవ్వుతున్నారు. "ఇప్పుడు డి," అన్నాడు పెద్దాయన, బిరడాల మీదికి వంగి. బాంజో అమ్మాయి తీగలు సర్దుకోవాలి కాబట్టి కాస్త సమయముంది. మంచినీళ్ళు తలుపు పక్కన బల్ల మీద ఉన్నాయి, తాగేసి త్వరగా రండి. తర్వాతిది సోల్జర్స్ జాయ్, చివరి చదరంలో ఒక జంట తక్కువ పడిందని కాలర్ ఇప్పటికే రెండుసార్లు పిలిచింది.